చీర వెనక్కొచ్చింది... మూలన పసుపుతో!

శ్రావణ శుక్రవారం హడావుడి ముగిసి నాలుగు రోజులైంది. మంగళగిరిలో ఓ ఇంటి ముందు గది. గోడ పొడవునా ఇనుప ర్యాకులు, వాటి నిండా కవర్లలో చీరలు. నేల మీద పరిచిన తెల్ల దుప్పటి మీద కత్తెర, టేపు, ఫోన్ స్టాండ్. గుమ్మం పక్కన కొరియర్ కుర్రాడు పొద్దున్నే పడేసి వెళ్లిన ఏడు రిటర్న్ పార్సిళ్లు.

చేనేత చీరలను ఆన్‌లైన్‌లో అమ్ముకునే ఆ ఇల్లాలు ఫోన్‌లో వీడియో ఆన్ చేసింది. పార్సిల్ మీదున్న నంబరు కెమెరాకి చూపించి, మధ్యలో ఎక్కడా ఆపకుండా కవరు కోసింది. లోపల నెమలికంఠం రంగు మంగళగిరి పట్టు చీర. ట్యాగ్ ఉంది. దాని దారం తెగలేదు. జాకెట్ ముక్క కూడా కత్తిరించలేదు. వెనక్కి పంపడానికి కారణం 'రంగు నచ్చలేదు' అని రాశారు. హమ్మయ్య అనుకుని ఆమె మడత సరిచేయబోతుంటే, పక్కనే కూర్చున్న అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ మూల ఓసారి చూడమ్మాయ్."

లోపలి చివర, అంచు మీద, వేలిముద్రంత పసుపు.

"కూర మరకేమో అత్తయ్యా?"

"కూరైతే చుక్క పడుతుంది, నూనె చుట్టూ పాకుతుంది. ఇది వేలితో అద్దింది. కట్టుకునే ముందు పెట్టారు."

కొత్త బట్ట ఒంటి మీద వేసుకునే ముందు ఓ మూలన కాస్త పసుపు పెట్టడం తెలుగిళ్లలో తరాలుగా ఉన్న అలవాటు. ట్యాగ్‌ని పవిట చాటున దాచుకోవచ్చు, చీరను మళ్లీ అదే మడతలో పెట్టొచ్చు. ఇంట్లో పెద్దావిడ అలవాటుగా అద్దిన పసుపు మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ మరక కనబడ్డాక మిగతావన్నీ వరసగా బయటపడ్డాయి. భుజం దగ్గర రెండు పిన్ను రంధ్రాలు. నడుము దగ్గర కుచ్చిళ్లు పెట్టిన గీతలు. కింది అంచుకి సన్నటి దుమ్ముచార. ముక్కు దగ్గర పెట్టుకుంటే మల్లెపూలూ సెంటూ కలిసిన వాసన. పవిట లోపలివైపు అతుక్కున్న చిన్న బొట్టుబిళ్ల.

చీర వ్రతానికి వెళ్లి వచ్చింది. డబ్బులు వెనక్కి ఇమ్మని అడుగుతోంది.

ట్యాగ్ తెగదు, బట్ట నలుగుతుంది

ఒకసారి వేసుకుని తిరిగి ఇచ్చేయడం ఆన్‌లైన్ వచ్చాక పుట్టిన సంగతేమీ కాదు. విదేశీ డిపార్ట్‌మెంట్ స్టోర్లకు ఎప్పటినుంచో ఉన్న తలనొప్పే. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'వార్డ్‌రోబింగ్'. అంటే దుకాణాన్ని సొంత బీరువాలా వాడుకోవడం. కాకపోతే అప్పట్లో కౌంటర్ దగ్గర నిలబడి, సేల్స్‌మ్యాన్ కళ్లలోకి చూస్తూ బట్ట తిరిగి ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌లో ఒక బటన్ నొక్కి, ఇచ్చిన కారణాల్లో ఒకటి ఎంచుకుంటే చాలు. ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

పికప్‌కి వచ్చే కుర్రాడు చూస్తాడు కదా అంటారు. అతను చూసేది రంగు, సైజు, ట్యాగ్. రోజుకి ఎన్నో ఇళ్లు తిరిగే మనిషి, లిఫ్టు లేని మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి ఆరు గజాల చీర విప్పి మూలలు వెతకలేడు. పైగా, 'మీరు వేసుకున్నారు' అని కస్టమర్ ముఖం మీద చెప్పే అధికారమూ, ధైర్యమూ అతనికి ఎవరిచ్చారు? ఆ ఇంటివాళ్లు ఒక్క స్టార్ ఇస్తే మాట పడాల్సింది అతనే.

అందుకే భారమంతా పార్సిల్ విప్పే బల్ల దగ్గరికి వచ్చి చేరుతుంది. పెద్ద కంపెనీకైతే అది గోదాములో ఓ విభాగం. ఇంట్లో కూర్చుని అమ్ముకునేవాళ్లకు అది ముందు గది, తెల్ల దుప్పటి.

లెక్క చిన్నదే, దెబ్బ మాత్రం చిన్నది కాదు. వెళ్లేటప్పుడు కొరియర్ ఖర్చు, వచ్చేటప్పుడు కొరియర్ ఖర్చు, రెండుసార్లు ప్యాకింగ్, విప్పి చూసి మడతపెట్టిన సమయం. పండగ ముందు అమ్ముడుపోవాల్సిన చీర పండగ అయ్యాక ఇంటికి చేరుతుంది. నేతగాడికి డబ్బు అప్పటికే చెల్లించేసి ఉంటారు. నలిగిన చీరను అతను వెనక్కి తీసుకోడు, తీసుకోవాల్సిన పనీ లేదు. ఒక చీర ఇలా పాడైతే, దాన్ని పూడ్చుకోవడానికి ఎన్ని చీరలు అమ్మాలో లాభం తక్కువున్న వాళ్లకే తెలుస్తుంది.

అమ్మకందారులు రిటర్నుల్ని రెండు రకాలుగా చెబుతారు. క్యాష్ ఆన్ డెలివరీలో కస్టమర్ తీసుకోకపోతే విప్పకుండానే తిరిగి వచ్చేది 'ఆర్‌టీఓ'. అక్కడ పోయేది కొరియర్ డబ్బే. విప్పి, చూసి, వెనక్కి పంపేది 'కస్టమర్ రిటర్న్'. గుండె దడదడలాడేది ఆ రెండోదాన్ని కత్తిరించేటప్పుడే.

> బాక్స్: లెక్కల్లో...
>
> అమెరికాలో జాతీయ రిటైల్ సమాఖ్య (ఎన్‌ఆర్‌ఎఫ్) 2023 నివేదిక ప్రకారం ఆ ఏడాది దుకాణాలకూ వెబ్‌సైట్లకూ తిరిగివచ్చిన సరుకు విలువ 743 బిలియన్ డాలర్లు. మొత్తం అమ్మకాల్లో ఇది 14.5 శాతం. ఆన్‌లైన్‌లో అయితే 17.6 శాతం. వాడేసిన, ఏ లోపమూ లేని సరుకు తిరిగి వస్తోందని చెప్పిన సంస్థలు దాదాపు సగం.

వేసి చూడటం తప్పు కాదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బట్టలు వెనక్కి పంపేవాళ్లందరూ మోసగాళ్లు కారు. ఎక్కువమందిది సైజు బాధే. ఒక కంపెనీ 'ఎమ్' ఇంకో కంపెనీ 'ఎల్'తో సమానం. ఫొటోలో మోకాళ్ల దాకా ఉన్న కుర్తీ మనింటికి వచ్చేసరికి నడుము దగ్గరే ఆగిపోతుంది. మన ఒళ్లకు సరిపడే కొలతల పట్టికే దేశానికి సరిగ్గా లేదు. ఆ లోటు తీర్చడానికే కేంద్ర జౌళి శాఖ అండతో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 'ఇండియాసైజ్' సర్వే చేపట్టింది. 15 నుంచి 65 ఏళ్ల మధ్యనున్న 25 వేల మందికి పైగా ఒంటి కొలతలను త్రీడీ స్కానర్లతో సేకరించాలన్నది సంకల్పం. అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

ఆ పట్టిక వచ్చి, అందరూ దాన్ని పాటించేదాకా జనం రెండు సైజులు తెప్పించుకుని ఒకటి వెనక్కి పంపుతూనే ఉంటారు. దుకాణంలో ట్రయల్ రూమ్ ఉన్నప్పుడు, ఇంట్లో పడకగది అద్దం కూడా ట్రయల్ రూమే. చీర భుజం మీద వేసి చూసుకోవచ్చు, డ్రెస్సు తొడుక్కుని నాలుగడుగులు వేయొచ్చు. గుమ్మం దాటి ఫంక్షన్ హాలుకి వెళ్లి, భోంచేసి, ఫొటోలు దిగి వస్తే అది వాడకమే.

ఈ గీతను యూరప్ చట్టంలోనే గీసుకున్నారు. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని కారణం చెప్పకుండా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు అక్కడి కొనుగోలుదారుకు ఉంది. అయితే దుకాణంలో ఎంతవరకు పట్టి చూస్తామో అంతవరకే. అంతకు మించి వాడి విలువ తగ్గిస్తే, ఆ తగ్గిన మేరకు బాధ్యత కొన్నవాళ్లదే. అంటే అమ్మకందారు పూర్తిగా కాదనక్కర్లేదు, పూర్తిగా ఇవ్వనూ అక్కర్లేదు. మధ్యలో ఒక న్యాయమైన దారి ఉంది.

మన దగ్గర 'నచ్చలేదు' అంటే వెనక్కి తీసుకోవాల్సిందే అన్న చట్టం లేదు. ఆ సౌకర్యం కంపెనీలు తమంతట తాము ఇచ్చుకున్నది. ఇచ్చాక మాత్రం దాని షరతులు ముందే స్పష్టంగా చూపించాలి.

> బాక్స్: మన చట్టం ఏమంటోంది?
>
> వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు–2020 ప్రకారం లోపమున్న సరుకు, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకు, చెప్పిన తేదీకి కాక ఆలస్యంగా అందిన సరుకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.
>
> వాడిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం–2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి.
>
> ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు: 1915.

ఒక్క ఫొటో కోసం

వ్రతానికి కట్టిన నెమలికంఠం చీరను వెనక్కి పంపాలని కొన్నావిడకి ఎందుకు అనిపించింది? బహుశా డబ్బు లేక కాదు. కట్టిన చీరే మళ్లీ కట్టిందని నలుగురూ అనుకుంటారన్న బెంగ అయ్యుండొచ్చు.

ఒకప్పుడు పెళ్లికి కట్టిన చీర ఆ పెళ్లి ఆల్బమ్‌లోనే ఉండేది. ఆ ఆల్బమ్ బీరువాలో ఉండేది. ఇప్పుడు ప్రతి చీరా వాట్సాప్ స్టేటస్‌లోకి, ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎక్కుతోంది. హల్దీకి పసుపు రంగు, సంగీత్‌కి ఇంకో రంగు, రిసెప్షన్‌కి మరొకటి. ఒక పెళ్లికి పిలుపు వస్తే మూడు జతల బట్టలు. బ్రిటన్‌లో బార్‌క్లేకార్డ్ సంస్థ 2018లో చేయించిన సర్వేలో, సోషల్ మీడియాలో ఫొటో పెట్టుకోవడానికే ఆన్‌లైన్‌లో బట్టలు కొని తిరిగి పంపేస్తామని దాదాపు ప్రతి పదిమందిలో ఒకరు ఒప్పుకున్నారు.

ఈ బెంగనే ఒక అమెరికన్ యువతి వ్యాపారంగా మలుచుకుంది. జెన్నిఫర్ హైమన్ చెల్లెలు ఓ పెళ్లి కోసం తన తాహతుకు మించిన ఖరీదైన గౌను కొంది. ఉన్న బట్టలన్నింటిలోనూ అప్పటికే ఫేస్‌బుక్‌లో ఫొటోలు పడిపోయాయన్నది ఆ అమ్మాయి సమస్య. దాన్ని చూసే హైమన్ తన స్నేహితురాలు జెన్నిఫర్ ఫ్లైస్‌తో కలిసి 2009లో 'రెంట్ ద రన్‌వే' అనే అద్దె బట్టల సంస్థ మొదలుపెట్టింది. కొని తిప్పి పంపే బదులు, అద్దె కట్టి దర్జాగా వేసుకుని ఇచ్చేయొచ్చు. హైదరాబాద్‌లో పెళ్లి లెహంగాలు, షేర్వాణీలు అద్దెకిచ్చే దుకాణాలు చేస్తున్న పనీ ఇదే.

నిజానికి మనకి ఇంతకన్నా పాత పరిష్కారం ఒకటుంది. అక్క చీర చెల్లెలు, వదిన నగ మరదలు పెట్టుకుని పెళ్లికి వెళ్లేవాళ్లు. వెళ్లొచ్చాక నీడన ఆరేసి, మడతపెట్టి ఇచ్చేవాళ్లు. మరక పడితే చెప్పేవాళ్లు. అడిగి తీసుకున్న చీరకీ, అడక్కుండా వాడుకున్న చీరకీ ఉన్న తేడా అదే.

బల్ల మీద ఒక చీర

తిరిగొచ్చిన బట్టను చూడటం ఒక పనితనం. అనుభవమున్నవాళ్లు ట్యాగ్ చూడరు, ముందు వాసన చూస్తారు. డ్రెస్సయితే చంకల దగ్గర తెల్లటి పొడిచార ఉందేమో చూస్తారు. అది డియోడరెంట్ గుర్తు. కాలర్ లోపల మేకప్ రంగు, మెడ దగ్గర కుట్టుకు చిక్కిన వెంట్రుక, ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉబ్బు, చెప్పుల అడుగున గీతలు. చీరకైతే భుజం, నడుము, కింది అంచు. సాదా బట్టయితే దుమ్ము దులిపేయొచ్చు, జరీ అంచు మాత్రం రాసుకున్నచోట మెరుపు తగ్గుతుంది. చెమట, సెంటు తగిలిన వెండి జరీ నల్లబడుతుంది.

ఆ తర్వాత పని, బాగుచేయగలమా లేదా అని తేల్చుకోవడం. నలిగిందే అయితే ఆవిరి ఇస్త్రీ సరిపోతుంది. వాసనైతే నీడన గాలికి ఆరేయాలి. పసుపు మరకే మొండిది. దానికి సబ్బు పెడితే ఎర్రబడుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపులోని కర్కుమిన్‌కి క్షారం తగిలితే రంగు మారుతుంది. అదే కర్కుమిన్ ఎండకు వెలిసిపోతుంది కాబట్టి, తెల్ల పంచె మీద పసుపు పడితే ఎండలో ఆరేస్తారు. కానీ నెమలికంఠం రంగు పట్టును ఎండలో వేస్తే పసుపుతోపాటు చీర రంగూ పోతుంది. పిన్ను రంధ్రాలకైతే మందే లేదు. నూలు చీర ఒకసారి తడిపితే పోగులు కాస్త దగ్గరవుతాయి. పట్టు మీద పడిన రంధ్రం అలాగే ఉండిపోతుంది.

విదేశాల్లో ఇది పరిశ్రమగా ఎదిగింది. స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర ఏసీఎస్ క్లోతింగ్ అనే సంస్థ అద్దె బట్టల్ని, తిరిగొచ్చిన బట్టల్ని శుభ్రం చేసి, చిరుగులు కుట్టి, మళ్లీ అమ్మకానికి సిద్ధం చేస్తుంది. ఉతకడానికి వీల్లేని వాటి వాసన ఓజోన్ వాయువుతో పోగొడుతుంది.

తేల్చాక బట్ట మూడు దారుల్లో ఒకటి పడుతుంది. వేసి చూసి పంపినదే అనిపిస్తే కొత్తదానిగానే ర్యాకులోకి. కాస్త వాడినట్టుంటే, ఆ మాట చెప్పి తక్కువ ధరకి. పనికిరాకపోతే లాట్ లెక్కన టోకు వ్యాపారికి. మూడో దారిలో చేతికొచ్చేది నామమాత్రం. రెండో దానిని మొదటి దానిలో కలిపేయాలన్న ఆశ అక్కడే పుడుతుంది. ఇస్త్రీ చేసి, కొత్త కవర్లో పెట్టి పంపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అన్న ఆశ. నష్టపోయినవాళ్లకి ఆ ఆశ కలగడం అర్థమవుతుంది. అయినా అది తప్పే, చట్టం దృష్టిలోనూ తప్పే. ఎందుకంటే తర్వాతి మనిషి పడే బాధ వేరే ఉంది.

నింద ఎవరి మీద?

హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండే ఓ విద్యార్థిని ఇంటర్వ్యూ కోసం ఆన్‌లైన్‌లో కోటు తెప్పించుకుంది. విప్పగానే లోపలి గుడ్డకి ఎవరిదో పౌడర్ వాసన. జేబులో నలిగిన సినిమా టికెట్టు. వెంటనే రిటర్న్ పెట్టింది. నాలుగు రోజులకి జవాబొచ్చింది: 'వాడినట్టు గుర్తులున్నాయి, రిఫండ్ కుదరదు'. కోటు తిరిగి ఆమె గుమ్మానికే వచ్చింది. వేసుకున్నది ఎవరో, గుర్తించకుండా తిరిగి ర్యాకులో పెట్టింది ఎవరో, మాట పడింది మాత్రం ఆ పిల్ల. విప్పేటప్పుడు వీడియో తీయాలని ఆమెకి తెలియదు. తెలియకపోవడం నేరమా?

వాడిన బట్టల గొడవలో అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఒకరి వాడకం, ఒకరి అజాగ్రత్త కలిసి మూడోమనిషి నిజాయతీ మీద మచ్చ వేస్తాయి. అందుకే బట్ట మీద మరక కనబడగానే 'మీరే వేసుకున్నారు' అని రాసేయడం కన్నా ముందు అమ్మకందారు తన రికార్డు చూసుకోవాలి. ఈ చీర మన దగ్గర్నుంచి ఎలా వెళ్లింది? ఫొటో ఉందా? ఇంతకుముందు ఇంకెవరి దగ్గరకైనా వెళ్లి వచ్చిందా? ఈ మూడిట్లో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా, అనుమానం వల్ల కలిగే లాభం కొన్నవాళ్లకే దక్కాలి.

పెద్దవాళ్లు వేసిన తాళాలు

న్యూయార్క్‌కు చెందిన డిపార్ట్‌మెంట్ స్టోర్ బ్లూమింగ్‌డేల్స్ 2013లో ఒక ఉపాయం చేసింది. 150 డాలర్లు దాటిన డ్రెస్సులకి మూడంగుళాల నల్ల ప్లాస్టిక్ ట్యాగులు, అదీ ముందువైపు కింది అంచున అందరికీ కనబడేలా తగిలించింది. ఇంట్లో వేసి చూసుకోవడానికి అడ్డం రాదు. తీయకుండా పార్టీకి వెళ్లలేరు. తీస్తే వెనక్కి తీసుకోరు.

బ్రిటన్‌కు చెందిన ఆన్‌లైన్ బట్టల సంస్థ ఎసాస్ 2019లో రిటర్న్ గడువును 28 నుంచి 45 రోజులకు పెంచుతూనే, వేసుకుని పంపేవాళ్ల ఖాతాలు మూసేస్తామని హెచ్చరించింది. 2024లో తరచూ వెనక్కి పంపేవాళ్ల మీద 3.95 పౌండ్ల రుసుం మొదలుపెట్టింది. జారా 2022లో బ్రిటన్‌లో ఆన్‌లైన్ రిటర్న్‌లకి 1.95 పౌండ్లు వసూలు చేయసాగింది. దుకాణానికి తెచ్చి ఇస్తే మాత్రం ఉచితమే. మన దేశంలో మీషో ఒకే వస్తువుకి రిటర్న్ సౌకర్యంతో ఒక ధర, లోపముంటేనే వెనక్కి తీసుకునేలా అయితే ఇంకాస్త తక్కువ ధర చూపిస్తోంది.

వీటిలో ఏ రుసుమైనా అందరి మీదా ఒకేలా పడితే సైజు కుదరక పంపేవాళ్లు నష్టపోతారు. బ్లూమింగ్‌డేల్స్ ట్యాగ్‌లో ఉన్న మంచితనం అదే. అది ఎవరినీ అనుమానించదు, ఎవరి డబ్బూ కోయదు.

> బాక్స్: కాల్చేయకూడదు!
>
> ఫ్యాషన్ సంస్థ బర్బెరీ ఒక్క ఏడాదిలో 2.86 కోట్ల పౌండ్ల అమ్ముడుపోని సరుకును నాశనం చేసిందని 2018లో బయటపడి పెద్ద గొడవైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఆ పద్ధతి మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఫ్రాన్స్ 2020లో చేసిన చట్టంతో అమ్ముడుపోని బట్టల్ని నాశనం చేయడం 2022 నుంచి ఆగింది. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నియమావళి ప్రకారం పెద్ద కంపెనీలకు ఈ నిషేధం 2026 జులై 19 నుంచి. కొనుగోలుదారులు వెనక్కి పంపిన బట్టలూ ఇందులోకి వస్తాయి.

అడిగే తీరులో ఉంది

పెద్ద కంపెనీ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉంటుంది, లాయర్లుంటారు. ముందు గదిలో అమ్ముకునేవాళ్ల దగ్గర ఉండేది ఫోన్, నోరు. ఆ రెంటితోనే వాళ్లు నేర్చుకున్న జాగ్రత్తలు గట్టివే. చీర పంపేముందు ఫొటోలు తీస్తారు. ట్యాగ్‌ని అంచుకి కాకుండా పవిట మీద, కట్టుకుంటే కనబడేచోట కుడతారు. 'ట్యాగ్ తీసినా, ఫాల్ కుట్టినా, జాకెట్ ముక్క కత్తిరించినా రిటర్న్ లేదు' అన్న మాట బిల్లు వెనక సన్నక్షరాల్లో కాకుండా, డబ్బు కట్టకముందే వాట్సాప్‌లో తెలుగులో పెడతారు. పండగ చీరలకి గడువు మూడు రోజులే అంటారు. మళ్లీ మళ్లీ ఇలా చేసేవారి పేరు పక్కన ఓ గుర్తు పెట్టుకుంటారు. వాళ్ల స్క్రీన్‌షాట్ తీసి నలుగురిలో పరువు తీసే పని మాత్రం మంచివాళ్లు చేయరు.

నెమలికంఠం చీర వెళ్లింది ప్లాట్‌ఫామ్ ద్వారా కాదు, సొంత పేజీ ద్వారా. కాబట్టి ఆ ఇల్లాలు నేరుగా కస్టమర్‌కే మెసేజ్ పెట్టగలిగింది. మూల ఫొటో, భుజం ఫొటో జత చేసి, 'మేడమ్, చీర అందింది. ఇవి కనిపించాయి. మీకు వచ్చినప్పుడే ఇలా ఉందాండీ?' అని అడిగింది. నేరం మోపలేదు, అడిగింది. రాత్రి దాకా జవాబు లేదు. పొద్దున్నే వచ్చింది. 'సారీ అండీ. మా అత్తగారు పసుపు పెట్టేశారు. పూజ జరిగిన కాసేపే కట్టుకున్నాను. ఎంత పట్టుకుంటే అంత పట్టుకోండి.'

ఎంత పట్టుకోవాలన్న దాని మీద అత్తాకోడళ్లకి ఇంట్లో కాసేపు వాదన జరిగింది. ఏమీ ఇవ్వొద్దంది అత్తగారు. చివరికి రెండువైపులా కొరియర్ ఖర్చు, చీర ధరలో నాలుగో వంతు తగ్గించి మిగతాది పంపారు.

చీరని రెండ్రోజులు నీడన ఆరేశారు. మల్లెపూల వాసన పోయింది. పసుపు పోలేదు. మూడో రోజు వాట్సాప్ గ్రూపులో పెట్టారు: 'ఒకసారి కట్టినది. మూలన పసుపు, భుజం దగ్గర రెండు పిన్ను రంధ్రాలు. ఫొటో చూడండి. ధర తగ్గించాం.' సాయంత్రానికి నరసరావుపేట నుంచి ఒకరు అడిగారు.

"పసుపేగా, పర్లేదు. జాకెట్ ముక్క ఉందా అండీ?"

ఉందని చెప్పి, ఫోన్ స్టాండ్‌కి పెట్టి, వీడియో ఆన్ చేసి, చీర నాలుగు మూలలూ ఒక్కొక్కటీ కెమెరాకి చూపించి, ఆమె మళ్లీ మడత మొదలుపెట్టింది.